పెన్సిల్వేనియా గ్యారేజీలో ఇంగువ వాసన

ఇంగువకు నక్కలు వస్తాయని 1991 దాకా నాకు తెలియదు. ఆ ఏడాదే ఎమ్మెస్ చదువుకోవడానికి పెన్సిల్వేనియా వచ్చాను. యూనివర్సిటీకి కాస్త దూరంగా, అప్పలేచియన్ కొండల మధ్య లోయలో, ఓ పాత ఇంటి మేడ మీద గది అద్దెకు దొరికింది. కింద ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. డెబ్బై దాటిన దంపతులు. పెద్దాయన ఆల్టూనా రైల్వే వర్క్‌షాపుల్లో చేసి రిటైరయ్యారు. ఆయన పేరు ఇక్కడ రాయను. పెద్దాయన అనే అంటాను, అప్పుడు మనసులో అలాగే పిలుచుకునేవాణ్ణి కూడా.

ఓ సాయంత్రం చారు కాచి తాలింపు పెట్టాను. సూట్‌కేసులో బట్టల మధ్య మూడు కవర్లు చుట్టి అమ్మ పెట్టిన ముద్ద ఇంగువ, చిటికెడు గిల్లి నూనెలో వేశాను. పాత కట్టె ఇల్లు కదా, వాసన మెట్ల మీదుగా కిందికి దిగిపోయింది. కాసేపటికి పెద్దాయన తలుపు తట్టారు. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమోనని గుండె దడదడలాడింది. ఆయన గుమ్మంలోనే ఆగి, కళ్ళు మూసుకుని గట్టిగా ఓసారి పీల్చి, "అసఫెటిడా" అన్నారు. అమెరికాలో ఒక తెల్లాయన నోట ఇంగువ పేరు వినడం నాకదే మొదలు.

చిన్నప్పుడు జలుబుల కాలం వస్తే వాళ్ళమ్మ ఇంగువ ముక్కను గుడ్డ మూటలో కుట్టి మెడలో కట్టేదట. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఆ దేశంలో చాలా ఇళ్ళలో పిల్లల మెడల్లో ఆ మూటలు వేలాడేవి, జబ్బు దగ్గరికి రాదని నమ్మకం. తర్వాత కూడా కొన్ని ఇళ్ళలో ఆ అలవాటు పోలేదు. అది చెప్పాక అసలు సంగతికొచ్చారు. "నీ దగ్గర ఇంకా ఉందా? నక్కల మందులోకి కావాలి."

అలా మొదలైంది ఆ గ్యారేజీతో నా పరిచయం.

ఇంటి వెనక విడిగా ఉండేది గ్యారేజీ. కారు మాత్రం ఎప్పుడూ బయటే. లోపల గోడ పొడుగునా చెక్క అరలు, వాటి నిండా గాజు సీసాలు, ఒక్కో సీసా మీద టేపు అంటించి పెన్సిలుతో పేరు, సంవత్సరం. పెద్దావిడ పెట్టిన నియమం ఒకటే: అక్కడి సీసా ఏదీ ఇంట్లోకి రాకూడదు, అక్కడ వేసుకున్న చొక్కాతో ఆయనా రాకూడదు. తలుపు పక్కన మేకుకి ఆ చొక్కా వేలాడుతుండేది.

ఆయన నక్కలు పట్టేవారు. ఆ ప్రాంతంలో అదేం వింత కాదు. లైసెన్సు తీసుకుని, సీజన్లో మాత్రమే, ఒక్కో ఇనుప ట్రాప్‌కూ పేరు, అడ్రసు ఉన్న రేకు బిళ్ళ కట్టి, పద్ధతి ప్రకారం చేసే పని. పెట్టిన ప్రతి ట్రాప్‌నూ 36 గంటల్లోగా వెళ్ళి చూడాలని అక్కడి చట్టం. ఎర ఆకాశం నుంచి కనిపించేలా పెట్టకూడదనీ ఉంది, గద్దలూ డేగలూ దిగి అందులో పడకుండా. అందరి దగ్గరా ఉండేవి అవే ట్రాప్‌లు. న్యూయార్క్ రాష్ట్రం ఒనైడాలో సూయెల్ న్యూహౌస్ అనే ఆయన పంతొమ్మిదో శతాబ్దంలో తీర్చిన నమూనాకి వారసులే అన్నీ. ఒకరి చేతికీ ఇంకొకరి చేతికీ తేడా వచ్చేది మందు దగ్గరే. లూర్ అంటారు దాన్ని. కడుపుకి పెట్టేది ఎర, ముక్కుకి పెట్టేది లూర్. మన ఊళ్ళలో పసరు మందు కలిపేవాళ్ళు ఎంత గుట్టుగా ఉంటారో, లూర్ కలిపేవాళ్ళూ అంతే గుట్టు. నాకెందుకు చూపించారంటే, నేను ట్రాప్ పెట్టేవాణ్ణి కాదని, పైగా ఇంగువ ఇచ్చినవాణ్ణని అనుకుంటాను.

పని ఎండాకాలంలోనే మొదలయ్యేది. ముందు చేప నూనె. జునియాటా నదిలో కార్ప్ చేపలు పట్టుకొచ్చి, పొలుసు కూడా తియ్యకుండా ముక్కలు కొట్టి, పెద్ద సీసాల్లో ముప్పాతిక వంతు నింపేవారు. మూతకి మేకుతో బెజ్జం పొడిచి, ఈగ దూరకుండా పైన పల్చటి గుడ్డ కట్టి, షెడ్డు రేకుల మీద ఎండలో పెట్టేవారు. మూత గట్టిగా బిగిస్తే లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. రోజులు గడిచేకొద్దీ ముక్కలు కరిగి అడుగుకి దిగిపోతాయి, నూనె పైకి తేలుతుంది. నెల దాటేసరికి తేనె రంగులో పైన మందంగా ఓ పొర. దాన్ని గరిటతో కదపకుండా, సీసాను కొంచెం కొంచెంగా వంచుతూ ఇంకో సీసాలోకి వంపేవారు. అడుగున మిగిలిన మడ్డిని తోటలో లోతుగా పూడ్చేవారు. మడ్డి చుక్క పడిందా, ఆ నూనె నెలలో పాడైపోతుందని ఆయన లెక్క. ఆ వంపే కాసేపు మాట్లాడేవారు కాదు, ఊపిరి కూడా బిగబట్టే ఉండేవారు.

తర్వాత మాంసం. పొలాల్లో బొరియలు తవ్వి రైతుల్ని సతాయించే గ్రౌండ్‌హాగ్ మాంసం వాడేవారు. బొటనవేలంత ముక్కలు కోసి జాడీలో వేసి, మా అమ్మ ఆవకాయ జాడీకి కట్టినట్టే మూతి చుట్టూ గుడ్డ బిగించి, గ్యారేజీ ఉత్తరం వైపు నీడలో మెడ దాకా నేలలో పాతేవారు. భూమి లోపల వేడి ఒక్కలాగే ఉంటుంది, ముక్క నిదానంగా మాగుతుంది. వారానికోసారి మూత తీసి వాసన చూడటం. ఇక్కడే ఉంది నేర్పంతా. పచ్చి వాసన పోయి, పులుపూ తీపీ కలిసినట్టు ఓ ఘాటు మొదలవుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో వారం వదిలితే కుళ్ళు ముదిరి, కంపు చిమ్మే స్కంకులూ పాసమ్‌లూ లాంటి వేరే జంతువులు చేరతాయి గానీ నక్క దగ్గరికి రాదు అనేవారు. ఆపడానికి సోడియం బెంజోయేట్ కలిపేవారు. బజార్లో కొనే పచ్చళ్ళలో పడేదే. చలికి గడ్డ కట్టకుండా గ్లిజరిన్.

ఆ జాడీ ముందు నన్నూ కూర్చోబెట్టి వాసన చూపించేవారు. మొదట్లో కడుపులో తిప్పేది. కొన్నాళ్ళకి, నిజంగానే, వారానికీ వారానికీ తేడా పట్టగలిగాను. ముక్కుకి చదువు చెప్పవచ్చని నాకు తెలిసింది అక్కడే. కంటికీ చెవికీ ఎన్నెన్ని చదువులు చెప్పుకుంటాం, ముక్కుని మాత్రం పుట్టినదాన్ని పుట్టినట్టే వదిలేస్తాం. అది అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక ఇంగువ. మా అమ్మ పెట్టిన ముద్దలో సగం ఆయనకిచ్చాను. సన్నగా తరిగి, చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి నానబెట్టారు. రెండు రోజులకు చూస్తే అడుగున తెల్లగా ఓ పొర పేరుకుంది. వేలికి రాసుకుని నలిపి, నాలిక చివర తాకించి, "ఇది గోధుమ పిండి" అన్నారు. మనం కొట్లో కొనే ఇంగువలో చాలా వరకు పిండీ జిగురూ కలిపినదే. అసలు ఇంగువ అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల్లో మొలిచే మొక్క వేరు గాటు పెడితే కారే పాలు. అది నేరుగా కూరలో వేస్తే భరించలేం, అందుకే పిండితో పల్చన చేసి అమ్ముతారు. ఈ సంగతి నాకు తాలింపుల మధ్య పెరిగి కూడా తెలియలేదు, ఆయన సీసా చెప్పింది. మామయ్యకి ఉత్తరం రాస్తే, కర్నూల్లో ఓ పాత కిరాణా వ్యాపారిని పట్టుకుని పిండి కలపని పాల ఇంగువ సంపాదించి, వచ్చేవాళ్ళ చేత పంపాడు. పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ముదురు గోధుమ రంగు, విరిచిన చోట తెల్లగా ఉండి, గాలి తగిలేకొద్దీ గులాబీ రంగుకి తిరిగింది. ఆ సీసా అరలో అన్నిటికంటే పైన పెట్టారు.

ఇంగువ నక్కకేం చేస్తుందని అడిగాను. ఉల్లీ వెల్లుల్లీ జాతి గంధకపు ఘాటు అది. తడిసిన గాలిలో, మంచు పడ్డ పొద్దుటి పూట కూడా నేల వదలకుండా నిలుస్తుందని ఆయన జవాబు.

ఇంకా చాలా ఉండేవి. సోంపు లాంటి వాసనొచ్చే ఆనిస్ నూనె, తేనె, వలేరియన్ వేరు, బీవర్ అనే నీటి జంతువు తోక దగ్గరి తిత్తుల నుంచి తీసే కాస్టోరియం. స్కంక్ గ్రంథి ద్రవం మాత్రం ఊరి బయట ఓ చెట్టు తొర్రలో దాచేవారు. వేజలీన్ డబ్బా మొత్తానికి దానిది ఒక్క చుక్క. ఆ చుక్కే గాలివాటున చాలా దూరం నుంచి పిలుస్తుంది.

ఓసారి అర మూల నుంచి వేలెడంత సీసా తీశారు. లోపల పసుపు రంగు ముద్ద, ఎండి గట్టిపడింది. సివెట్ అన్నారు. పూర్వం సెంట్ల కంపెనీల కోసం ఇథియోపియా నుంచి పశువుల కొమ్ముల్లో కూరి వచ్చేదట, లూర్ చేసేవాళ్ళు అందులోంచే కాస్త కొనుక్కునేవాళ్ళు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పునుగు! మా అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో, తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం అద్దుతారని. ఆ పునుగుపిల్లి వేరే జాతి, ఈ సీసాలోది ఆఫ్రికా జంతువుది, కానీ పదార్థం ఒకటే. మూత తీస్తే ముక్కు మూసుకునేంత కంపు. ఆయన అగ్గిపుల్ల కొనతో ఆవగింజంత తీసి, చెంచాడు నూనెలో కలిపి ఇచ్చారు. కంపు ఎటు పోయిందో గానీ, వెచ్చటి, తియ్యటి, పూలలాంటి వాసన. స్వామివారి సన్నిధికీ నక్క గుంటకీ పనికొచ్చే గుణం అదే: తనతో కలిసిన తేలిక వాసనల్ని ఎగిరిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పెద్దాయనకి తిరుమల కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, ఎంత కలుపుతారు, దేంట్లో కలుపుతారు అని అడిగారు. నాకు తెలిస్తే కదా.

కలిపే రోజు ఇద్దరం గ్లోవ్స్ వేసుకునేవాళ్ళం. మాగిన మాంసం రుబ్బి, చేప నూనె పోసి, ఇంగువ సారం చుక్కలు లెక్కపెట్టి, కొత్త పాళ్ళేవైనా ఉంటే నోటు పుస్తకంలో రాసి, చివర్న పునుగు. ఏదీ విడిగా తెలియకూడదు, అదే ఆయన పట్టుదల. ఫలానా వాసన వస్తోందని నేనంటే చాలు, ఆ సీసా పక్కన పెట్టేసేవారు. కలిపాక ఓ నెల ముట్టుకునేవారు కాదు.

నాకు మొదటి నుంచీ ఒక ప్రశ్న ఉండేది. అక్టోబరులో పొలాల నిండా ఎలుకలు, మిడతలు, తోటల్లో రాలిన ఆపిల్ పళ్ళు. అప్పుడు నక్కకి ఆకలేముంటుంది, ఈ చెంచాడు మందుకి ఎందుకొస్తుంది? ఆయన ఆ సాయంత్రమంతా కూర్చుని దానికి జవాబు చెప్పారు. నక్క వచ్చేది ఆకలితో కాదు, ఆరా తియ్యడానికి. తిన్నది మిగిలితే చిన్న గుంట తీసి దాచుకుంటుంది. వేరే నక్క దాచింది కనిపిస్తే ఎత్తుకుపోతుంది. తన తిరుగుడు దారిలో కొత్త గుంట, కొత్త మన్ను కనిపిస్తే, ఎవరు తవ్వారు, ఏం దాచారు, ఎప్పుడొచ్చారు, తెలుసుకోకుండా ముందుకి కదలదు. కాబట్టి లూర్ అంటే వంట కాదు, అక్కడ జరిగినట్టు మనం అల్లి పెట్టే కథ. ఎవరో నక్క ఏదో దాచింది, దాని మీద ఇంకెవరో వచ్చిపోయారు, అంతవరకే చెప్పాలి. మిగతాది నక్కే ఊహించుకోవాలి. అన్నీ చెప్పేస్తే దానికి అనుమానం వస్తుంది.

చాలా ఏళ్ళ తర్వాత, కెనడాలో ప్రిన్స్ ఆల్బర్ట్ నేషనల్ పార్కులో డేవిడ్ హెన్రీ అనే శాస్త్రవేత్త ఎర్రనక్కల వెంట తిరిగి 1977లో ప్రచురించిన పరిశోధన గురించి చదివాను. దాచినది తినేశాక ఖాళీ గుంట మీద నక్కలు మూత్రం పోస్తాయి. ఆహారం వాసన ఇంకా వస్తున్నా, ఆ గుర్తు తగిలితే ఇక్కడేం లేదని తెలుసుకుని ఎక్కువసేపు వెతకవు. పెద్దాయన మంచు మీద అడుగులు చదివి ఈ లెక్కలో సగం పట్టుకున్నారు. ఆయన గుంట పక్కన చల్లే నక్క మూత్రం, ఎంత చల్లాలి, ఎంత దూరంలో చల్లాలి అన్న ఆ పట్టింపు, ఏదీ ఊరికే కాదు. నాకు ఆ రోజు చాలా సంతోషం కలిగింది, ఆయనకి చెప్పడానికి ఆయన లేరనే కొరత తప్ప.

ఆయనతో పాటు పొలాల్లోకి వెళ్ళేవాణ్ణి. ట్రాప్‌లు ముందే వాల్‌నట్ తొక్కలతో ఉడికించి నల్లబరిచి, మైనంలో ముంచి ఉంచినవి. మోకాళ్ళ కింద గుడ్డ పరిచి, గడ్డి దుబ్బుకి ఎదురుగా వాలుగా ఓ గుంట తవ్వి, మట్టిని జల్లెడ పట్టి, ట్రాప్ మీద సన్నగా కప్పి, గుంటలో ఎర పెట్టి దూదిలా గడ్డి కుక్కి, అంచున పుల్లతో లూర్ రాసేవారు. లేచి చూస్తే మనిషి వచ్చిన ఆనవాలుండదు. గాలి ఎటు వీస్తోందో చూడకుండా ఒక్క గుంటా తవ్వలేదాయన.

పడిన నక్క దగ్గర నిలబడటం నాకెప్పుడూ నచ్చలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. చిన్న తుపాకీతో ఒక్క దెబ్బకి పని పూర్తి చేసేవారు, చేసేముందు టోపీ తీసేవారు. నాతో వాదించలేదు. "నీకు గ్యారేజీ చాలు" అన్నారు. నిజమే, నాకు గ్యారేజీయే కావాలి. డెబ్బైల చివర్లో ఎర్రనక్క తోలుకి యాభై డాలర్ల పైన పలికిందని చెప్పేవారు. 1987 తర్వాత బొచ్చు తోళ్ళ మార్కెట్ కుప్పకూలింది. నేను చూసేనాటికి అదేం రాబడి కాదు. ఖర్చులు పోను మిగిలేదేమీ లేకపోయినా, వేసవి రాగానే రేకుల మీదికి సీసాలు ఎక్కేవి.

మా ఊరి గుంటనక్కల గురించి అడిగేవారు. మాది నందికొట్కూరు వైపు, బట్టమేక పక్షుల కోసం అభయారణ్యంగా ప్రకటించిన రోళ్ళపాడుకి దగ్గర. వేరుశనగ చేలల్లో పొద్దు వాలాక గుంటనక్క నిలబడి మమ్మల్ని చూసేది, పెద్ద చెవులు, నల్లటి తోక చివర. మా దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరమని చెప్పాను. అదృష్టం కలిసొస్తే నక్క తోక తొక్కావంటామని కూడా చెప్పాను. ఆయనకది తెగ నచ్చింది. ఎర్రనక్క తోక మీద, మొదట్లో, ఓ గ్రంథి ఉంటుందని, దానికి వయొలెట్ పూల వాసన ఉంటుందని చెప్పి, మీవాళ్ళు ఊరికే తోక అనలేదు అన్నారు.

1993లో చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయాను. కొన్నేళ్ళకి పెద్దావిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఆయన పోయారని. నోటు పుస్తకం మనవరాలు తీసుకుందని, సీసాలన్నీ ఊళ్ళో వేరే ట్రాపర్లు పంచుకున్నారని రాశారు.

2018లో తెలంగాణ సరిహద్దుకి అటుపక్క యవత్మాల్ జిల్లాలో మనుషుల్ని చంపుతున్న అవని అనే ఆడపులి కోసం అటవీశాఖవాళ్ళు కాల్విన్ క్లైన్ అబ్సెషన్ సెంటు వాడారని పేపర్లో చదివాను. చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అందులో పునుగు వాసననిచ్చే సివెటోన్ ఉంటుంది. గ్వాటెమాలా అడవుల్లో జాగ్వార్లను కెమెరాల ముందుకి రప్పించడానికి అంతకుముందే దాన్ని వాడారు. పులికైనా నక్కకైనా ఆరా తీసే బుద్ధి ఒకటే. ఆ పులిని నవంబరులో కాల్చి చంపారు.

ఇప్పుడు నేను ఉంటున్నది పెన్సిల్వేనియా పడమటి వైపు. ఆగస్టు ప్రాంతంలో ఇక్కడ విమానాల నుంచి చిన్న చిన్న పొట్లాలు జారవిడుస్తారు, పైన చేప పొడి పూత, లోపల రేబిస్ వ్యాక్సిన్. ఇవి రకూన్ అనే అడవి జంతువుల కోసం. యూరప్‌లో ఇదే పని నక్కల కోసం చేశారు. 1978లో స్విట్జర్లాండ్ లోయల్లో కోడి తలకాయల్లో వ్యాక్సిన్ పెట్టి చల్లడంతో మొదలుపెట్టి, తర్వాత చేప పొడి బిళ్ళలకి మారారు. 2008 నాటికి జర్మనీలో నక్కల రేబిస్ లేకుండా పోయింది. బిళ్ళ వానకి కరగకూడదు, ఎండకి వాసన చావకూడదు, కుళ్ళు ముదిరి వేరేవాటిని పిలవకూడదు. ఇవన్నీ పెద్దాయన రేకుల మీద, నేలలో పాతిన జాడీల్లో పడిన తంటాలే. ఆయన ఉంటే గ్లోవ్స్ తొడుక్కుని ఆ బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకాస్త ఏదో కలపాలని తప్పకుండా అనేవారు.